ఆ రెండు కంచాలు ఎవరికి?

మావటి దిగిపోయాడు.

ఒక్క మాట చెప్పలేదు. పొగ తాగాలనిపించింది, ఏనుగు మీంచి కిందికి దూకాడు. పైన మిగిలింది ఇద్దరే. ఒక బుట్టలో మలయ్ కుర్రాడు. రెండో బుట్టలో నలభై ఏడేళ్ళ ఇంగ్లీషు ఆడమనిషి. ఏనుగుని అదిలించే మాట ఒక్కటీ ఆమెకి రాదు. ఏనుగు కాసేపు నిలబడింది. బాట వదిలేసింది. అడవిలోకి నడిచింది.

1879 ఫిబ్రవరి. పేరాక్ రాజ్యం. ఇప్పటి మలేషియాలో ఉత్తరం వైపు ఉంటుంది. అంబారీ లాంటి హంగులేం లేవు. వీపుకి అటొకటి ఇటొకటి వేలాడే బుట్టలు, వెనకాల పేముతో బిగించిన ఆమె సంచీ, అంతే. ఉక్కపోత. గాలి కదలడం లేదు. కొమ్మలు ఫెళఫెళా విరుగుతున్నాయి. ఏనుగు అందినదాన్నల్లా లాగి నోట్లో పెట్టుకుంటోంది. బుట్ట ఊగినప్పుడల్లా ఆమె నడుము కలుక్కుమంటోంది. అది ఈనాటి నొప్పి కాదు. 1850లో వెన్నెముక దగ్గర కణితి కోసి తీశారు. అప్పట్నుంచీ నడుము ఆమె మాట వినదు. ఇప్పుడు ఏనుగూ వినడం లేదు. నీటిగుంట కనబడగానే ఆగింది. తొండం ముంచింది. నిండా పీల్చింది. పైకెత్తింది.

బురదనీళ్ళు జల్లుమన్నాయి. ఏనుగు తన ఒళ్ళు చల్లబరచుకుంటోంది. ఆ ఒంటి మీదే కదా ఆమె కూర్చుంది! టోపీ, జుట్టు, బట్టలు అన్నీ తడిసి ముద్దయ్యాయి. చుట్టూ చిట్టడవి. పక్క బుట్టలో భాష తెలియని పిల్లాడు. ఇంకొకరైతే ఏడ్చేవారు. ఆమె ఎవరో తెలిస్తే, ఎందుకు ఏడవలేదో తెలుస్తుంది.

పేరు ఇసాబెల్లా బర్డ్. సొంతూరి గాలి పడని మనిషి. సముద్రప్రయాణం చేస్తే ఒళ్ళు బాగుపడుతుందని డాక్టర్లు పంపిస్తే అమెరికా చూసింది. తర్వాత హవాయి అగ్నిపర్వతాలెక్కింది. 1878లో జపాన్ పల్లెలు తిరిగింది. అక్కణ్ణుంచి హాంకాంగ్, కాంటన్, సైగాన్ మీదుగా సింగపూర్‌లో దిగింది. మలయా వెళ్ళాలన్న ఆలోచనే ఆమెకి లేదు. అక్కడి అధికారి ఒకరు మలయ్ రాజ్యాలు చూడమన్నారు, పరిచయ లేఖలిస్తామన్నారు, మలక్కా ఓడ బయల్దేరబోతోందన్నారు. తేల్చుకోవడానికి ఐదు నిమిషాలిచ్చారు.

ఆమె ఓడెక్కింది.

మలక్కాలో డచ్చివాళ్ళు కట్టిన పాత ప్రభుత్వ భవనంలో బస చేసింది. ఆ ఊరిని 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివాళ్ళు పట్టుకున్నారు. ఆ తర్వాత అది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. ఎవరు వచ్చినా మలయ్‌లు, చైనీయులు, మన దక్షిణాది వర్తకులు మాత్రం అక్కడే ఉన్నారు. తర్వాత సుంగై ఉజోంగ్, సెలంగోర్, పెనాంగ్. చివరికి పేరాక్. జాగ్రత్త పడాల్సిన చోటు అదే.

ఊరికే అనడం లేదు. తగరం గనుల కోసం పేరాక్‌లోని లారుట్‌లో రెండు చైనా ముఠాలు ఏళ్ళ తరబడి నరుక్కున్నాయి. 1874లో గానీ ఆ కత్తులు ఒరలోకి పోలేదు. ఆ మరుసటేడు నవంబరు 2న, పాసిర్ సలక్ దగ్గర నది ఒడ్డున, పేరాక్‌లో మొట్టమొదటి బ్రిటిష్ రెసిడెంట్, అంటే సుల్తానుకి సలహాలిచ్చే అధికారి, బర్చ్‌ని మలయ్‌లు పొడిచి చంపారు. ఆ నెత్తురు ఆరి నాలుగేళ్ళు కాలేదు. ఇప్పుడు అదే కొలువులో ఉన్న హ్యూ లో ఇంటికే ఆమె వెళ్తోంది. ఒంటరిగా.

ఎలాగైతేనేం, పొద్దు వాలుతుండగా హ్యూ లో ఉండే కువాలా కాంగ్సార్ వచ్చింది. పేరాక్ నది బంగారం పోసినట్టుంది. గట్టున కొబ్బరిచెట్లు, అవతల నల్లబడుతున్న కొండలు. బంగళా తలుపులు తెరిచే ఉన్నాయి. ఇంటాయన మాత్రం లేడు. పని మీద ఊరెళ్ళాడట.

ఎదురొచ్చింది మద్రాసు బట్లర్. తలెత్తుకుని నడిచే మనిషి. స్నానానికి ఏర్పాటు చేశాడు. బురద వదిలింది. భోజనం సిద్ధమైంది. తెల్లటి గుడ్డ, పింగాణీ కంచాలు, గాజు గ్లాసులు, పూలు. ఆమె బల్ల దగ్గరికొచ్చింది. అప్పుడు చూసింది. బల్ల మీద మూడు కంచాలున్నాయి.

ఇంట్లో తెల్లవాళ్ళు ఎవరూ లేరు. మరి ఆ రెండూ ఎవరికి?

 అతిథులొచ్చారు.

పెద్దదాని పేరు మహమూద్. చిన్నదాని పేరు ఎబ్లిస్. రెండూ వానరాలు. హ్యూ లో పెంచుకున్నవి. బల్ల దగ్గర చోటు చూసుకుని కూర్చున్నాయి. కూర, పచ్చడి, గుడ్లు, అనాసపండు, అరటిపళ్ళు వడ్డించారు. ఆమెకేం పెట్టారో వాటికీ అదే పెట్టారు. ఏనుగు బుట్టలో నలిగిన మనిషి ఆ పూట ఆ రెండింటితో కలిసి హాయిగా భోంచేసింది.

ఈ విందు లోకమంతా చెప్పుకుంది. ఎవరూ చెప్పుకోనిది ఇంకొకటుంది. వడ్డించింది మద్రాసు మనిషి. అందించింది ఇంకో మలయ్ కుర్రాడు. మెట్ల మీద కూర్చుని పంకా లాగింది చైనీయుడు. దారిలో దాటొచ్చిన ఠాణాల్లో సిక్కులు, పఠాన్లు. మలయా మొత్తం ఆమె చుట్టూనే ఉంది. ఆమె పుస్తకంలో ఆ కాలపు దొరతనం చాలాచోట్ల కనబడుతుంది, దాచక్కర్లేదు. కానీ ఆమె ఇల్లు చేరింది వీళ్ళ చేతుల మీదుగానే. అధికారుల లేఖలొక్కటే ఆమెని కాపాడాయంటే నేను ఒప్పుకోను.

ఇదంతా స్కాట్లాండ్‌లో ఉన్న చెల్లెలు హెన్రియెట్టాకి ఉత్తరాలుగా రాసింది. ఆ ఉత్తరాలే 1883లో 'ది గోల్డెన్ చెర్సొనీస్' అన్న పుస్తకమయ్యాయి. చెల్లెలు అది చూడలేదు. 1880లోనే పోయింది.

ఆ బంగళా పెరట్లో అప్పటికే ఇంకేదో మొలిచింది. బ్రెజిల్ విత్తనాలతో లండన్‌లో పెంచిన రబ్బరు మొక్కలు 1877లో సింగపూర్ చేరాయి. వాటిలో కొన్నిటిని హ్యూ లో ఇక్కడ నాటించాడు. తర్వాత ముప్పై ఏళ్ళలో రబ్బరు మలయాని కమ్మేసింది. తోటల్లో పాలు గీయడానికి మనుషులు కావాల్సొచ్చారు. తమిళులు ఎక్కువ. వాళ్ళ వెనకే విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్ళూ ఓడలెక్కారు. ఆ కుటుంబాల వారసులు కొందరు పేరాక్‌లోనే బాగన్ దాతుక్ వైపు ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారు.

ఆనాటి రబ్బరు చెట్టొకటి కువాలా కాంగ్సార్‌లో జిల్లా కార్యాలయం దగ్గర ఇంకా నిలిచే ఉంది. మలేషియా వెళ్తే జంట టవర్లు చూసి వచ్చేయకండి. కౌలాలంపూర్ నుంచి ఉత్తరానికి పోయే రైలు ఆ ఊళ్ళో ఆగుతుంది. ఒక్కరే అయినా సరే, దిగి చూసి రండి.