నాలుగు పళ్ళ తగాదా

ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాక పళ్ళకి క్లిప్పులేంటి అనుకుంటూనే మొన్నామధ్య డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆవిడ ఎక్స్‌రే చూసి, "నాలుగు పళ్ళు తీసెయ్యాలి. పైన రెండు, కింద రెండు" అన్నారు చాలా మామూలుగా. పుచ్చుపళ్ళు కాదండీ, నిక్షేపంలాంటి పళ్ళు. ఇంకో డాక్టరేమో "తియ్యక్కర్లేదు, సర్దేద్దాం" అన్నాడు. ఫోన్లో చెప్తే అమ్మ "గట్టి పళ్ళు పీకించుకోవడం ఏం పోయేకాలంరా?" అంది.

ఒకే నోరు, ఒకే ఎక్స్‌రే, రెండు సమాధానాలు. మన ఆఫీసుల్లో ఇది రోజూ ఉండేదే, కానీ ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు కదా! అందుకని వారం రోజులు కూర్చుని చదివాను. తీరా చూస్తే ఈ తగాదా వయసు వందేళ్ళ పైమాటే.

ముందు పన్ను ఎలా జరుగుతుందో చెప్తాను. పన్ను ఎముకలో సిమెంటు వేసినట్టు బిగిసిపోయి ఉండదు. సన్నటి పోగులతో గుంటలో వేలాడుతూ ఉంటుంది. తీగ ఒక పక్కకి నెడితే, నొక్కుకున్న వైపు ఎముకని కణాలు కరిగిస్తాయి, లాగిన వైపు కొత్త ఎముక పోస్తాయి. 1904-05లో కార్ల్ సాండ్‌స్టెట్ అనే స్వీడన్ ఆయన కుక్కల మీద ప్రయోగాలు చేసి దీన్ని చూపించాడు. వేగం నెలకి ఓ మిల్లీమీటరు. గట్టిగా నెడితే త్వరగా అవుతుందా అంటే, అవదు. అక్కడ రక్తం ఆగిపోయి పని ఇంకా ఆలస్యమవుతుంది. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకో పదిమందిని తోసినట్టన్నమాట.

కాబట్టి జరపడం సమస్య కాదు, చోటు సమస్య. దవడ వంపుని వెడల్పు చేయాలా, కొన్ని పళ్ళు తీసి చోటు చేయాలా?

ఈ ప్రశ్నకి అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ చాలా గట్టిగా జవాబు చెప్పాడు. మామూలోడు కాదాయన. 1899లో ఆయన చేసిన మూడు తరగతుల వర్గీకరణ ఇప్పటికీ వాడుతున్నారు. 1928లో తెచ్చిన బ్రాకెట్, అదే నలుచదరపు గాడిలో నలుచదరపు తీగ పెట్టేది, ఇవాళ్టి క్లిప్పులకి తాతగారు. ఆ గాడి కొలత 0.022 అంగుళాలు ఇప్పటికీ దొరుకుతుంది. వెనకటి వెర్షన్లతో ఇంత పొత్తు మన సాఫ్ట్‌వేర్లో ఎక్కడుంది చెప్పండి!

యాంగిల్ మాట ఏంటంటే, ముప్ఫై రెండు పళ్ళూ ఉండి తీరాల్సిందే. వరసలో పెట్టి బాగా నమిలితే ఎముకే వాటికి తగ్గట్టు పెరుగుతుంది. 1911లో కాల్విన్ కేస్ "కొందరికి తియ్యక తప్పదు" అని వాదిస్తే యాంగిల్ శిష్యులు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడ పన్ను తియ్యడమంటే పాపం చేసినట్టే.

1930లో యాంగిల్ పోయాడు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ ఆరిజోనాలో కొన్నేళ్ళు గురువు చెప్పినట్టే చేశాడు. తర్వాత తన పాత పేషెంట్లనే మళ్ళీ చూసుకున్నాడు. కొందరికి పళ్ళు తిరిగి వంకర్లు పోయాయి, కొందరికి మూతి ముందుకొచ్చింది. దాంతో కోరపళ్ళ వెనక ఉండే నాలుగు ప్రీమోలార్లు తీసి వాళ్ళకి మళ్ళీ వైద్యం చేశాడు. 1940లో అలా రెండు రకాలుగానూ వైద్యం చేసిన వందమంది రికార్డులు పదిమంది ముందు పెట్టాడు. తన ఫెయిల్యూర్లని తనే బయటపెట్టుకున్నాడు, అదీ గురుభక్తి అంతగా ఉన్న చోట! ఆస్ట్రేలియాలో ఇంకో శిష్యుడు రేమండ్ బెగ్ కూడా విడిగా పళ్ళు తీసే దారికే వచ్చాడు.

ఇక గాలి అటు తిరిగింది. నార్త్ కరోలినా యూనివర్సిటీ క్లినిక్‌లో పళ్ళు తీసిన కేసులు 1953లో 30 శాతం, 1968లో 76 శాతం, 1993కి మళ్ళీ 28 శాతం. జనాల దవడలు నలభై ఏళ్ళలో పెరిగి తగ్గాయంటారా? మధ్యలో 1981లో సియాటిల్‌లో లిటిల్ బృందం, ప్రీమోలార్లు తీసిన 65 మందిని రిటైనర్లు ఆపేసిన పదేళ్ళ తర్వాత చూస్తే, మూడింట రెండొంతుల మందికి కింద ముందుపళ్ళ వరస మళ్ళీ చెడింది. అంటే ట్వీడ్ నమ్మకం కూడా పూర్తిగా నిలబడలేదు. రాత్రుళ్ళు రిటైనర్ ఏళ్ళ తరబడి పెట్టుకోమనేది ఇందుకే.

పోనీ కనపడని ప్లాస్టిక్ ట్రేలు వాడదామా అంటే, తీగైనా ట్రే అయినా చోటు లెక్క అదే.

ఇదంతా చదివి మొదటి డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళాను. తీయాలా వద్దా అని కాకుండా, ఎన్ని మిల్లీమీటర్లు తక్కువ అని అడిగాను. నాలుగు లోపైతే సాధారణంగా తియ్యరట, పది దాటితే తీస్తారట. నాది ఏడు. సరిగ్గా గోడ మీద పిల్లి. అప్పుడావిడ అద్దం ఇచ్చి, పెదాలు మూయమన్నారు. మూశాను. గడ్డం దగ్గర కండరం బిగుసుకుని గుంటలు పడింది. "పళ్ళు తియ్యకుండా సర్దితే ఇది ఇంకొంచెం పెరుగుతుంది" అన్నారు. రెండో ఆయన నా పెదాల వంక చూసినట్టు గుర్తు లేదు.

శనివారం పైన రెండూ తీస్తారు, వచ్చే వారం కింద రెండు. అమ్మకి ఇంకా చెప్పలేదు.