దూరపు బంతి – ఇరువురి బాధ్యత



ఫుట్‌బాలు ఆటలో దూరముగా వేసిన బంతి వ్యర్థమైనచో, చూచువారు వెంటనే ఒకనిని నిందింతురు. కొందరు తన్నినవానిది తప్పందురు. కొందరు పరుగెత్తినవానిది తప్పందురు. హైదరాబాదు ఆటగాండ్ర చరిత్రను బట్టి ఈ విషయమును విచారింతము.

మొదట నియమమును చెప్పెదను. తోటివాడు బంతిని తన్నిన క్షణమున, ఎదుటివారి భాగమున బంతికి ముందున్న ఆటగాడు, ప్రత్యర్థులలో చివరినుండి రెండవవానికంటె గోలు గీతకు చేరువగా నుండి ఆ బంతి నందుకొనరాదు. దీనికి ఆఫ్‌సైడు అని పేరు. పూర్వము ముందు మువ్వురు ప్రత్యర్థులుండవలెనను నిబంధన యుండెను. 1925లో ఇరువురు చాలునని సవరించిరి. అందువలన దూరపు బంతికి విలువ హెచ్చెను. అయినను వేయువాడు రెప్పపాటు ఆలస్యము చేసినను, అందుకొనువాడు ఒక్క అడుగు తొందరపడినను ఫలమొక్కటే. సమయము ఒకని యధీనము. స్థానము వేరొకని యధీనము.

ఈ మర్మమును మనవారికి నేర్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదున జన్మించెను, వృత్తిచే బడిపంతులు. హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షణ నిచ్చెను. బంతిని తన కాలియొద్దనే త్రిప్పుకొనుచు పోరాదను నిబంధనతో ఆయన పోటీలు పెట్టించెను. వాటముకాని కాలితోనే ఆడవలెనని మరికొన్ని పెట్టించెను. బంతిని దాచుకొను వీలు లేనివాడు ముందుగనే తల యెత్తి చూడవలెను. తోటివాడును పిలువకయే కనబడు చోటికి రావలెను. మన బాసర సరస్వతీదేవి సన్నిధిని అక్షరాభ్యాసము చేయించునపుడు పెద్దల చేయి మిక్కిలి బిగిసినను, బిడ్డ వ్రేళ్లు సడలినను అక్షరము వంకరపోవును గదా! ఇదియు నట్టిదే.

ఆ శిక్షణ ఫలించెను. పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. రహీం తీర్చిదిద్దిన భారత జట్టు 1951లో ఢిల్లీయందు ఆసియా క్రీడల స్వర్ణము నందెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తాయందు దక్షిణ కొరియాను రెండు గోలులకు ఒకటిగా నోడించి మరల స్వర్ణము గెలిచెను. ఆ జట్టున సికింద్రాబాదువాడైన తులసీదాస్ బలరాం ఉండెను. మరుసటి యేడు రహీం పరమపదించెను. ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టునకు అట్టి స్వర్ణము నేటివరకు తిరిగి లభింపలేదు.

కావున మన గ్రామమున పిల్లలాడి యోడి వచ్చినపుడు, పెద్దలమైన మనము ఒక్కనినే నిలదీయరాదు. వేసినవానిని "ఎప్పుడు వేసితివి?" అనియు, అందుకొనవలసినవానిని "అప్పుడెక్కడ నుంటివి?" అనియు, ఇరువురిని ఒక్కచోట నిలిపి యడుగవలెను.