రష్యన్ చదువు, సవర చదువు

మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగిన తరం మాది. వాటి అనువాదకులలో ఒకరైన ఉప్పల లక్ష్మణరావుగారు 1898లో మా పొరుగునున్న బరంపురంలో జన్మించారు. స్విట్జర్లాండులో వృక్షశాస్త్రం చదివిన ఆయన, పెద్ద వయస్సులో మాస్కోలో ఉండి రష్యన్ సాహిత్యాన్ని తెనిగించారు.

మన విద్యార్థులు పట్టిన దారి వేరు. 1960లో మాస్కోలో స్థాపించిన, మరుసటి ఏట లుముంబా పేరు పెట్టిన విశ్వవిద్యాలయంలో, వైద్యానికి వెళ్ళినా ఇంజనీరింగుకు వెళ్ళినా, విదేశీయులు ఆ రోజుల్లో మొదటి సంవత్సరమంతా సన్నాహక విభాగంలో రష్యన్ నేర్వవలసి ఉండేది. తరగతిలోనూ అంగడిలోనూ అప్పుడు అదే భాష. ఆ భాషలో విభక్తులు ఆరు. శబ్దమంజరి వల్లెవేసిన మాబోటి పండితులకు అవి భయం గొలుపవు. అయితే మేమెన్నడూ సంస్కృతంలో ఉప్పు అడిగి ఎరుగము!

దేశాంతరం పోకుండానే అట్టి విద్య సాధించినవారు గిడుగు రామమూర్తిగారు. పర్లాకిమిడిలో సవరలను ఇంట ఉంచుకొని వారి భాష నేర్చారు. 1931లో సవర భాషపై గ్రంథం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు వెలువరించారు.

కోటబొమ్మాళిలో నా తరగతికీ కొండల నుండి సవర పిల్లలు వచ్చేవారు. సంధి తప్పితే మందలించాను. నీటిని వారి భాషలో ఏమంటారో ఒక్కనాడూ అడుగలేదు.