పెద్దవారిలో కుంగుబాటు, చికిత్స: పాన్‌గల్ ప్రాంతం

కుంగుబాటు లేదా డిప్రెషన్ ఒక మానసిక వ్యాధి. కనీసం రెండు వారాల పాటు దాదాపు రోజంతా మనసు దిగాలుగా ఉండటం, అంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోవటం దీని ముఖ్య లక్షణాలు. నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడతాయి. ఒంట్లో సత్తువ ఉండదు. తానెందుకూ పనికిరానన్న భావన, కొందరికి చావు ఆలోచనలు వస్తాయి. మాటల చికిత్సతోనో, మందులతోనో, రెండూ కలిపో చాలామందికి నయమవుతుంది. వనపర్తి జిల్లా పాన్‌గల్ చుట్టుపక్కల, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పెద్దవారు ఈ చికిత్సను ఎలా అందుకుంటున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది ఈ వ్యాస విషయం.

ప్రాంతం

ఒకప్పుడు బహమనీలు, విజయనగర రాజులు పోరాడిన కొండకోట పాన్‌గల్‌ది. 2016 అక్టోబరు 11న వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ విడి జిల్లాలయ్యే దాకా ఇదంతా ఉమ్మడి మహబూబ్‌నగర్. ఎత్తిపోతల నీళ్లు రాకముందు ఇక్కడి కుటుంబాలు గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా పైసలు తీసుకుని ముంబై, పుణె మట్టి పనులకు వెళ్లేవి. ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. గద్వాల వైపు, కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో సీడు పత్తి వేసే రైతుకు పెట్టుబడి విత్తన కంపెనీల తరఫు ఆర్గనైజరు ఇస్తాడు, విత్తనం పరీక్షలో నిలవకపోతే అప్పు మిగులుతుంది. అప్పు, వలస, ముసలివాళ్లు ఒంటరిగా మిగలటం కుంగుబాటును తెచ్చిపెట్టగలవు. అయితే కారణం తెలిసినంత మాత్రాన జబ్బు జబ్బు కాకుండా పోదు. ‘అప్పుంటే ఎవరికైనా రంది ఉంటది’ అని ఇంట్లోవాళ్లు తేల్చేయటం వల్ల వైద్యం ఆలస్యమైన సందర్భాలు ఎన్నో.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రతి 20 మంది పెద్దవారిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకసారి కుంగుబాటుకు లోనవుతారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. తెలంగాణ వాటిలో లేదు.

ఎలా బయటపడుతుంది

ఈ ప్రాంతంలో ‘నాకు దిగులుగా ఉంది’ అంటూ ఆసుపత్రికి వచ్చేవారు తక్కువ. ‘పానం మంచిగ లేదు సారూ, నిద్ర పడుతలేదు, కాళ్లు చేతులు గుంజుతున్నయి’ అనే మాటతో మొదలవుతుంది. మొదటి మెట్టు ఊరి ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసే మనిషి. ఒక సూది, బలం గోలీలు, మరీ నీరసమంటే ఒక గ్లూకోజ్ సీసా. రెండు రోజులు కాస్త తేలికగా ఉంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. కొందరు గాలి సోకిందని దర్గాకో, గుడికో వెళ్లి తాయెత్తు కట్టించుకుంటారు. తాయెత్తు వల్ల వైద్యానికి అడ్డేమీ లేదు, రెండూ పక్కపక్కన సాగవచ్చు. నష్టమంతా నెలలు గడిచిపోవటంలో ఉంది.

రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 తక్కువ కావటం కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. అందుకే మంచి వైద్యుడు ముందు రక్తపరీక్ష రాస్తాడు.

పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో, మరో చిక్కు కల్తీ కల్లు. ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగితే నిద్ర వస్తుంది, ఆందోళన అణిగినట్టుంటుంది. కుంగిపోయిన మనిషికి అదే మందైపోతుంది. ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకటం, ఫిట్స్, భ్రాంతులు వస్తాయి. 2015లో అధికారులు కల్తీని అణచివేయగానే మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులు ఇలాంటి రోగులతో నిండాయి. కాబట్టి వైద్యుడితో రోజుకు ఎన్ని సీసాలు తాగేదీ దాచకుండా చెప్పటం చికిత్సలో మొదటి పని. సిగ్గుపడి సగమే చెబితే మందు మోతాదు తప్పుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

దగ్గరి దారి ఆశా కార్యకర్త. ముప్ఫై దాటినవారికి బీపీ, షుగర్ కోసం ఆమె నింపే చెక్‌లిస్టు చివర మనసు గురించి రెండు ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం లేకుండా ఎన్ని రోజులున్నారు? దిగులుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులున్నారు? ఒక్కో జవాబుకు సున్నా నుంచి 3 దాకా మార్కులు. మొత్తం 3 దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అత్త, ఆడబిడ్డ, పక్కింటివాళ్లు వింటుండగా వాకిట్లో అడిగితే మాత్రం ఏ కోడలైనా ‘ఏం లేదు’ అనే అంటుంది. ఆ రెండు ప్రశ్నలు విడిగా కూర్చోబెట్టి అడగాల్సినవి.

ఆ పైన వనపర్తి. ప్రభుత్వ వైద్య కళాశాలలు వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో మొదలయ్యాయి. వైద్య కళాశాల ఆసుపత్రికి మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నిబంధన. అంతకుముందు ఈ ఊళ్లకు తెలిసింది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఒక్కటే. ఆ పేరు తిట్టుగా మారటంతో అక్కడికి వెళ్లొచ్చినవారి ఇంట్లో పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయం ఈనాటికీ ఉంది.

జిల్లా స్థాయిలోనే వైద్యం అందించాలన్న ఆలోచన పుట్టింది పాన్‌గల్‌కు మరీ దూరం కాని చోటే. కృష్ణ, తుంగభద్రలు రెండూ దాటితే వచ్చే బళ్లారి జిల్లాలో 1980ల రెండో సగంలో నిమ్హాన్స్ ప్రాథమిక కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇచ్చి ప్రయోగం చేసింది. దాని ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి విడత నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి.

మందులు రాసేది సైకియాట్రిస్టు. మాటల చికిత్స చేసేది ఎక్కువగా క్లినికల్ సైకాలజిస్టు, ఆయనకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు గనక ఆ నంబరు అడగటం తప్పు కాదు.

మాటల చికిత్స

ఇది ఓదార్పూ కాదు, హితబోధా కాదు. ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పటానికి చుట్టాలు చాలు. పల్లెకు బాగా సరిపోయే పద్ధతి పనుల ద్వారా మనసును కదిలించేది. కుంగిపోయిన మనిషి పని మానేస్తాడు, మానేసినందుకు ఇంకా కుంగుతాడు. చికిత్సకుడు ఈ చక్రాన్ని పని దగ్గర తెంపుతాడు. ఉదాహరణకు, పొలం వెళ్లటం మానేసి మంచం పట్టిన రైతును గడిచిన వారం పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేశావని అడిగి గంట గంటకూ రాసుకుంటారు. రేపటికి ఒకే పని ఇస్తారు: పొద్దున ఆరింటికి బర్రెకు గడ్డి వేయటం. మనసు బాగైనాక చేస్తానంటే కుదరదు. ముందు చేయాలి, చేశాక మనసెలా ఉందో గుర్తు పెట్టుకోవాలి. వచ్చే వారం ఇంకో పని, చాయ్ హోటలు దాకా నడిచి నలుగురితో కూర్చోవటం.

మానసిక వైద్య పరిశోధకుడు విక్రమ్ పటేల్ బృందం గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇలాంటి చికిత్సను వైద్యులు కాని మామూలు మనుషులకు నేర్పి చేయించింది. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలవటం, ఒక్కోసారి అరగంట పైన. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఈ చికిత్స పొందినవారిలో 64 శాతం, మామూలు వైద్యమే అందినవారిలో 39 శాతం కోలుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి కుంగుబాటు ఉన్నవారిని గుర్తించి వైద్యుడి దగ్గరికి పంపే ఏర్పాటు చేసింది.

అసలు ఇబ్బంది రెండోసారి రావటంలో ఉంది. తొలిసారి ఎలాగో వస్తారు. వారం వారం రావాలంటే ఒక కూలీ పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, ‘మాట్లాడటానికి అంత దూరం ఎందుకు, గోలీ ఇస్తే పోలా’ అంటారు ఇంట్లో. వరి నాట్లు, పత్తి ఏరే రోజుల్లో మొత్తంగా ఆగిపోతుంది. జిల్లా కేంద్రంలో ఎంత గొప్ప నిపుణుడున్నా ఈ చిక్కు విడదు. ఆరు సార్లు కలిసే మనిషి మండలంలోనే ఉండాలి.

మందులు

ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి వాడతారు. పని చేయటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో తిప్పటమే ముందు కనిపిస్తుంది. అక్కడే చాలామంది మానేస్తారు. తేరుకున్నాక కూడా కొన్ని నెలలు వాడాలి, ఆపేటప్పుడు వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి నిద్రగోలీల్లా అలవాటుపడే మందులు కావు.

ప్రాణాపాయం, చట్టం, ఫోను

ఇంట్లో కుంగిపోయినవారుంటే పురుగుమందు డబ్బాలు ఇంటి నుంచి తీసేసి పక్కవారి తాళంలో పెట్టించటం వెంటనే చేయదగ్గ పని. ‘చావాలనిపిస్తోందా’ అని నేరుగా అడగటం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకుపోకుండా ఆగేవారున్నారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షన్‌ లేనే లేదు. రోగి వివరాలను వైద్యుడు గోప్యంగా ఉంచాలన్నది, మిగతా జబ్బుల మాదిరే దీనికీ ఆరోగ్య బీమా వర్తించాలన్నది కూడా 2017 నాటి ఆ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోవే.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం. పుణె అడ్డా మీదున్న కూలీ కూడా భాషలో తెలుగు ఎంచుకుని మాట్లాడవచ్చు. వలస వెళ్లేవారు మందు చీటీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో అదే మందు కొనసాగించటం తేలిక.