18446744073709551615 (సంఖ్య)

18446744073709551615 అనేది ఇరవై అంకెలు గల ఒక బేసి సంఖ్య. ఇది 2⁶⁴ − 1 కు సమానము. భారతీయ పద్ధతిలో దీనిని 1,84,46,74,40,73,70,95,51,615 అని వ్రాస్తారు. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధంగా రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళలో చేరే మొత్తం గింజల సంఖ్య ఇదే. బియ్యపు గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకుంటే ఈ రాశి సుమారు 46,000 కోట్ల టన్నులు అవుతుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బెరూనీ ఈ విలువను లెక్కించి చూపాడు.

తెలుగు పద్యములో

ఈ సంఖ్యను చెప్పే ఒక చంపకమాల పద్యము పావులూరి మల్లనదిగా ప్రసిద్ధి పొందినది. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు మల్లన. పద్యములో అంకెలకు బదులు భూతసంఖ్యలు వాడబడినవి. చంద్రుడు అంటే 1, వేదము 4, శరము 5 (మన్మథుని బాణాలు), తర్కము 6, కుంజరము 8 (దిగ్గజాలు), రంధ్రము 9, గగనము 0. మొదటి పదము ఒకట్ల స్థానాన్ని, తరువాతి పదము పదుల స్థానాన్ని సూచిస్తాయి. కనుక అంకెలను కుడి నుండి ఎడమకు వ్రాసుకోవాలి.

నేటి పాఠకుడు పొరబడే చోటు ఒకటున్నది. సముద్రమనే అర్థం గల పదాలు పద్యంలో రెండు సార్లు వస్తాయి. సప్త సముద్రాలు అని వాడుక ఉన్నందున 7 అని తోచవచ్చును. కాని భూతసంఖ్యా పద్ధతిలో సముద్రము అంటే 4. దీనిని గణితంతోనే సరిచూడవచ్చును. 2⁶ ను 9 తో భాగిస్తే శేషము 1. కాబట్టి 2⁶⁴ కు, 2⁴ కు అదే శేషము, అనగా 7 వస్తుంది. ఒకటి తీసివేస్తే 6. పద్యంలోని అంకెల మొత్తము 87; 8 + 7 = 15, 1 + 5 = 6. సముద్రాన్ని ఒక్క చోట 7 గా తీసుకున్నా ఈ లెక్క కుదరదు. అంకెలు తారుమారైతే మాత్రం ఈ పరీక్ష పట్టలేదు. పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు అంకెలు మారినట్లయితే 17 తో భాగించి చూడాలి. అప్పుడు శేషము మిగులుతుంది.

కారణాంకాలు

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఇవి ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండు సార్లు రాదు; అందువలన మొత్తము భాజకాలు 2⁷ = 128.

వీటిలో 641 చరిత్ర గలది. 2³² + 1 ప్రధాన సంఖ్య అని ఫెర్మా భావించాడు. అది 641 × 6700417 కు సమానమని 1732లో ఆయిలర్ నిరూపించాడు. కారణము సులభమే: 641 = 5 × 2⁷ + 1, మరియు 641 = 5⁴ + 2⁴. మొదటి దాని వలన 5 × 2⁷ ను 641 తో భాగిస్తే −1 శేషముగా తీసుకోవచ్చును. నాలుగవ ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸ శేషము 1. 5⁴ స్థానంలో −2⁴ ఉంచితే −2³² శేషము 1 అవుతుంది. అనగా 2³² + 1 నిశ్శేషముగా భాగింపబడుతుంది.

ఇతర సందర్భాలు

1883లో ఎడ్వర్డ్ లూకాస్ ప్రచారంలోకి తెచ్చిన హనోయి గోపురం కథలో 64 బిళ్ళలను మార్చడానికి కనీసం ఇన్ని కదలికలు కావాలి. సెకనుకు ఒకటి చొప్పున అయితే సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. కంప్యూటరులో ఋణ సంఖ్యలకు చోటివ్వని 64 బిట్ల పూర్ణాంకానికి ఇదే గరిష్ఠ విలువ. దానికి 1 కలిపితే 64 బిట్లలో మిగిలేది 0.