తూటా మారిన తుపాకి

ఉత్తర హిందూస్థానమున ఒకప్పుడు కుంపిణీ సిపాయిని "తిలంగా" అని పిలిచెడివారు. 1756లో క్లైవు చెన్నపట్టణము నుండి వంగదేశమునకు కొనిపోయిన సిపాయిలలో తెలుగువారు పలువురుండుటయే ఆ పేరు వ్యాపించుటకు కారణము. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరైనది. ఇల్లు విడిచి పరదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్రలో వ్యాపారమునకును, వ్యవసాయమునకును ఎంత చోటు కలదో, తుపాకి పట్టిన కొలువునకును అంత చోటు కలదు. 1780లో పుట్టిన మదరాసు సాపర్ల దళము నేటికిని బెంగుళూరు కేంద్రముగా నున్నది. అందు కొలువు చేసి, విరమించి, ఆ నగరముననే నిలిచిపోయిన మనవారు తరతరములుగా కలరు.

అట్టి యిండ్లలో పెద్దలు చెప్పు కథలలో తరచుగా వినవచ్చు మాట "త్రీ నాట్ త్రీ". కట్టె పిడి గల పాత తుపాకి ఏది కనబడినను మన మాపేరే పెట్టుదుము. కాని చూచుటకు అచ్చముగ దానివలెనే యుండి, లోపల వేరొక తూటాను కాల్చు తుపాకి యొకటి మన దేశముననే పుట్టినది. దాని కథ పాఠకులకు విన్నవించుట మా యుద్దేశము.

తలుపునకు గడియ యెట్టిదో, ఈ జాతి తుపాకికి బోల్టు అట్టిది. సిపాయి దానిని చేతితో ఎత్తి వెనుకకు లాగి, ముందునకు త్రోసి, క్రిందికి దించి బిగించును. ప్రతి గుండునకును ఈ పని మరల చేయవలెను. జేమ్స్ పారిస్ లీ అను నాతడు కల్పించిన బోల్టుతో ఆంగ్లేయ సైన్యము 1888లో లీ-మెట్‌ఫర్డు తుపాకిని, 1895లో లీ-ఎన్‌ఫీల్డు తుపాకిని స్వీకరించెను. 1907 నాటి మూడవ మార్కు మనవారికి మిక్కిలి పరిచితము. కలకత్తాకు ఉత్తరముగ హుగ్లీ తీరమున నున్న ఇషాపూరులో 1904లో తుపాకుల కర్మాగారము వెలసి, ఈ తుపాకులను తయారుచేసెను. దాని తూటాలను పూనా సమీపమున ఖడ్కీలో 1869లో స్థాపింపబడిన కర్మాగారము చేసెడిది.

తూటాను మార్చుట ఇషాపూరునకు క్రొత్త కాదు. ఆంగ్లేయుల కాలముననే అచ్చట ఈ తుపాకి గొట్టమును నునుపుగా తొలిచి, .410 అంగుళముల వెడల్పు గల మస్కెట్టుగా మార్చి, పోలీసులకును, కాపలావారికిని ఇచ్చిరి. తూటాల పెట్టెలో కట్టెముక్క బిగించి, ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టునట్లు చేసిరి. తుపాకి పాలకుని చేతినుండి ప్రజల చేతికి పోవునను భయము నిరాధారము కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసి, 26 తుపాకులతోపాటు సుమారు 2,500 తూటాలను కూడ కొనిపోయెను. తూటా లేని తుపాకి వట్టి కట్టె యని ఆ వీరుడు బాగుగ నెరిగియుండెను.

స్వాతంత్ర్యానంతరము తూటాను మార్చవలసిన యవసరము వేరొక దిక్కునుండి వచ్చెను. 1962 అక్టోబరు 20న చైనా సేనలు హిమాలయ సరిహద్దును దాటినవి. నవంబరు 21 వరకు సాగిన ఆ యుద్ధమున మన సిపాయి చేత నున్నది ప్రధానముగ త్రీ నాట్ త్రీయే. ఎదుటివారు తమంతట తామే మరల తూటా నింపుకొను తుపాకులతో వచ్చిరి. ఆ యోటమికి తుపాకి యొక్కటే కారణమనుట న్యాయము కాదు. చలికి తగిన దుస్తులు లేమి, బాటలు లేమి, పై నిర్ణయముల లోపము తక్కువవి కావు. అయినను ఒక్కొక్క గుండునకు గడియ తీసి వేయుచు నిలిచిన సిపాయి ప్రాణముల వెల ఎంతటిదో దేశమునకు తెలిసివచ్చెను.

అప్పుడు మన సైన్యము 7.62 మిల్లీమీటర్ల తూటాను, దానిని కాల్చు స్వయంచాలిత తుపాకిని స్వీకరించెను. ఇషాపూరు దానిని చేయ నారంభించినను, ఇంత పెద్ద సేనకు సరిపడునన్ని ఒక్కనాట రావు. పాత తుపాకులతోనే కాలము గడుపుదమన్న, ఒకే సేనకు రెండు విధముల తూటాలు సరఫరా చేయవలసివచ్చును. పర్వతముపై నున్న దళమునకు తప్పు తూటాల పెట్టె చేరినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. కావున బోల్టు తుపాకిచేతనే క్రొత్త తూటాను కాల్పింపవలెనని సంకల్పించిరి.

పైకి చూచిన ఇది సులభముగ తోచును. .303 అంగుళమనగా 7.70 మిల్లీమీటర్లు; క్రొత్త దానికిని పాత దానికిని గొట్టపు రంధ్రమున తేడా మిల్లీమీటరులో పదవవంతైనను లేదు. చిక్కంతయు తక్కిన చోట్ల నున్నది. పాత తూటా కోశము 56 మిల్లీమీటర్ల పొడవు, క్రొత్తది 51. పాత తూటా అడుగున బయటికి పొడుచుకొనివచ్చు అంచు గలదు; ఆ యంచే తూటాను దాని గదిలో తగిన చోట నిలుపును, కాల్చిన పిదప కొక్కెమునకు పట్టునిచ్చును. క్రొత్త దానికి అట్టి యంచు లేదు, చుట్టును గాడి మాత్రమే కలదు; అది తన భుజముపై ఆని నిలుచును. కావున గొట్టము, తూటా గది, బోల్టు మొగము, కొక్కెము, తూటాల పెట్టె, గురి కొలతలు అన్నియు మారవలెను.

వీటికి మించినది పీడనము. క్రొత్త తూటా పేలునప్పుడు పుట్టు ఒత్తిడి పాత దానికంటె అధికము. జర్మను మౌజరు తుపాకి బోల్టు ముందుభాగమున, తూటా వెంటనే బిగియును. లీ బోల్టు వెనుకభాగమున బిగియును. అందుచేతనే అది అతి వేగముగ ఆడును, అందుచేతనే పేలిన ప్రతిసారియు తుపాకి దేహము కొంచెము సాగును. ఇజ్రాయెలువారు తమ మౌజరులను ఇదే తూటాకు మార్చి, పొరపాటు కలుగకుండ పిడిపై "7.62" అని పెద్ద యంకెలు కాల్చి ముద్రించిరి. ఆంగ్లేయులు బలమైన నాల్గవ నంబరు లీ-ఎన్‌ఫీల్డును మార్చ యత్నించి, సామాన్య సిపాయికి తగినట్లు చేయలేక మానుకొనిరి. 1970లో గురికాండ్రకు మాత్రము ఎల్-42 అను తుపాకిగ రూపొందించిరి.

ఇషాపూరువారి చేత నున్నది అంతకంటె పాతదైన మూడవ మార్కు. దాని గొట్టము మార్చి తృప్తిపడక, వారు రూపమును నిలిపి, లోహమును మార్చిరి. మరింత గట్టి ఉక్కుతో తుపాకి దేహమును, బోల్టును క్రొత్తగ చేసిరి. 12 తూటాలు పట్టు చదరపు పెట్టెను అమర్చిరి. అదియే 2ఏ తుపాకి. 1965 నాటి 2ఏ1లో గురి పలకను 2,000 మీటర్లనుండి 800 మీటర్లకు తగ్గించిరి. సిపాయి నిజముగ కాల్చు దూరమునకు అదియే చాలునని అనుభవము చెప్పినది. సాధారణ సైనికుని కొరకు రూపొందిన బోల్టు తుపాకులలో ఇదియే చివరిదని ఆయుధ చరిత్రకారులు తలతురు.

ఇది గొప్ప యావిష్కారమని మేము చాటబోము. స్వయంచాలిత తుపాకి ముందు ఇది వెనుకబడినదే. కాని చేత నున్న యంత్రములతో, చేయి తిరిగిన పనివాండ్రతో, క్లిష్టకాలమున అక్కరకు వచ్చినది చేసి చూపుట చిన్న విషయము కాదు. పాతదానిని మార్చుటయందు నిజాయితీ యనగా, ఎచ్చట పాత బలము చాలదో అచ్చట దానిని ఒప్పుకొని, క్రొత్త లోహము పోయుటయే.

ఇషాపూరులో దీని తయారీ 1970వ దశకమున ముగిసెను. 1966లో వెలసిన తిరుచిరాపల్లి కర్మాగారము వంటివి తుపాకుల తయారీలో చేయి కలిపినవి. స్వయంచాలిత తుపాకులు సమృద్ధిగ రాగా, 2ఏ పోలీసుల, కాపలా దళముల చేతికి పోయెను. త్రీ నాట్ త్రీ యంతకంటె మొండిది: 2008 నవంబరు 26న బొంబాయి రైల్వే స్టేషనులో ముష్కరులకు ఎదురైన పోలీసుల చేత అదియే యుండెను, ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవమున దానికి వీడ్కోలు చెప్పిరి.

1962లో ఇరువదియేండ్ల ప్రాయముననున్న సిపాయి నేడు ఎనుబది దాటిన వృద్ధుడు. మన కుటుంబములలో అట్టివారు ఇంకను కొందరు కలరు. వారు మోసిన తుపాకి ఏది, తూటా ఎట్టిది, అది ఎచ్చట ఎట్లు పనిచేసినది యని అడిగి వ్రాసిపెట్టుడు. పింఛను కాగితములను, పతకములను, పాత ఛాయాచిత్రములను పారవేయకుడు. తిలంగా యను పేరు నేడు వంగదేశమున ఎవరి నోటను లేదు. ఆ పేరు మోసినవారి తుపాకుల కథయైనను మన పిల్లలు తెలుగున చదువుకొన గలుగుట మన చేతిలోనిది.