తొంభై తొమ్మిదవ పాట తరువాత

మా పాత కారులోని స్టీరియోకు యూఎస్‌బీ అన్న మాటే తెలియదు. దాని వెనుక సీడీ ఛేంజరు కొరకు విడిచిన సాకెట్టు ఒకటున్నది. అందులో తగిలించిన అడాప్టరు, తాను ఆరు సీడీల పెట్టెనని స్టీరియోను నమ్మిస్తుంది. విరాటుని కొలువులో పాండవుల వలె మారువేషమన్నమాట! వేషం వేసిన పిమ్మట ఆ కొలువు కట్టుబాట్లకు లోబడక తప్పదు కదా.

అందువలననే ఒక ఫోల్డరులో 99 దాటిన పాటలు వినిపించలేదు. పాట సంఖ్యకు రెండే అంకెలని సోనీ, ఫిలిప్స్ సంస్థల 1980 నాటి సీడీ ప్రమాణం నిర్ణయించింది. సీడీలు అమ్మకానికి వచ్చినది 1982లో. ఆ నియమమే నేటికీ నా పెన్‌డ్రైవును ఏలుతున్నది. పాటలను సీడీ01 మొదలు సీడీ06 వరకు ఫోల్డర్లుగా విభజించగా ఆ చిక్కు తీరింది.

రెండవ చిక్కు నన్ను మరింత బాధించింది. భగవద్గీత అధ్యాయాలు వరుస తప్పి వినవచ్చాయి. అర్జున విషాదయోగానికి ముందే మోక్షసన్న్యాసయోగం! తెలుగు పండితుని చెవులు దీనిని ఎట్లా సహిస్తాయి? పేర్లకు ముందు అంకెలు చేర్చినా ఫలితం లేకపోయింది. ఈ అడాప్టరు పేర్లను చూడదు. పెన్‌డ్రైవులోని జాబితాలో ఏది ముందు నమోదైతే దానినే ముందు పాడుతుంది. ఆ జాబితాను నడిపే ఫ్యాట్ పద్ధతి మైక్రోసాఫ్ట్ సంస్థలో 1977 ప్రాంతాన పుట్టింది. దాని ఫ్యాట్32 రూపం 1996 నాటిది. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌ను మా అడాప్టరు గుర్తించనే గుర్తించదు.

పెన్‌డ్రైవును ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, 18 అధ్యాయాలను ఒకదాని వెనుక ఒకటిగా ఎక్కించాను. ఇప్పుడు అర్జునుడు మొదట విషాదపడి, ఆ తరువాతనే ఉపదేశం వింటున్నాడు.